కారణం లేని బెజవాడ ప్రయాణం

మనిషి ఊరు దాటి వెళ్లడానికి నాలుగు కారణాలు మాత్రమే చెల్లుతాయి: ఆసుపత్రి, పెళ్లి, చావు, దేవుడు. పార్టీలకు, కులాలకు, మతాలకు అతీతంగా రెడ్డిగూడెం మొత్తం ఏకాభిప్రాయంతో ఉన్న విషయం ఇదొక్కటే. మగవాళ్లకు అయిదో కారణం కూడా ఉంది. దాన్ని 'పని మీద' అంటారు. (ఏ పని అని అడగడం మర్యాద కాదు.) ఆడవాళ్లకు ఈ సౌకర్యాన్ని విస్తరించే విషయం పరిశీలనలో ఉంది. ఎవరి పరిశీలనలో ఉందో మాత్రం తెలియదు.

ఇంత పటిష్ఠమైన వ్యవస్థ నడుస్తుండగా, మామిడి కోతలు ముగింపుకొచ్చిన ఒక మధ్యాహ్నం, నాగేంద్రమ్మ అనే బాధ్యత గల వితంతువుకు ఊరికే బెజవాడ వెళ్లాలనిపించింది.

తప్పంతా రిబ్కమ్మది. వాళ్లిద్దరూ తోటల్లో పక్కపక్కన కూర్చుని కాయ ఏరుతూ, మచ్చకాయ పక్కకు తీస్తూ, పెళ్లీడు నుంచి నడుంనొప్పి దాకా కలిసే వచ్చారు. పోయినేడు రిబ్కమ్మ చెల్లెలికి ఆపరేషన్ అయితే బెజవాడ ఆసుపత్రిలో తోడు ఉంది. అక్కడి కిటికీలోంచి చూసినది ఈ ఏడు కాయ ఏరుతూ బయటపెట్టింది.

"ఎదురుగా లాడ్జి ఉందే. బాల్కనీలో ఒకావిడ. మన వయసే. కుర్చీలో కూచునుంది. ఎవరో కాఫీ తెచ్చిచ్చారు. తాగింది. కప్పు కింద పెట్టింది."

"కడిగిందా?"

"కడగలా. పక్కన పెట్టేసి రోడ్డు చూస్తా కూచుంది."

"మరి ఎవరు కడిగారే?"

"నాకేం తెలుసు. సెలైన్ అయిపోయిందని నర్సు కోసం పోయా. తిరిగొచ్చేసరికి కప్పు లేదు. ఆవిడుంది."

నాగేంద్రమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పెళ్లయిన మర్నాటి నుంచి ప్రతి పొద్దునా ఆమె లేచింది ఎవరికో ఒకరికి కాఫీ పెట్టడానికే. మొదట అత్తమామలకు, తర్వాత మొగుడికి, ఇప్పుడు కొడుక్కి, కోడలికి. మనుషులు మారారు గాని గిన్నె మారలేదు. ఆమెకు సముద్రం అక్కర్లేదు, సినిమా అక్కర్లేదు. ఒక్క పొద్దున, ఎవరో తెచ్చిన కాఫీ కూర్చుని తాగాలి. అంతే.

"పోదామా?" అంది.

"ఎందుకని చెబుతాం?" అంది రిబ్కమ్మ. వ్యవస్థ ఎంత లోతుగా పాతుకుపోయిందో ఈ ఒక్క ప్రశ్న చెబుతుంది.

ఆ సాయంత్రమే నాగేంద్రమ్మ ఇంట్లో దరఖాస్తు పెట్టింది. నోటిమాటగానే. రేపు శుక్రవారం వెళ్లి శనివారం వచ్చేస్తామంది.

"ఎందుకమ్మా?" అన్నాడు కొడుకు దుర్గాప్రసాద్.

"ఊరికే."

కోడలు సుజాత మిక్సీ ఆపేసింది. ఆడమనిషి కారణం లేకుండా ఇల్లు కదిలితే దానికి అలక అని పేరు. అలక ఉన్నచోట కారకులు ఉండాలి. విచారణ అక్కడికక్కడే మొదలైంది.

"నేనేమన్నా అన్నానా?" అన్నాడు ప్రసాద్.

"నేను అన్నానా అత్తయ్యా? మొన్న పప్పులో ఉప్పెక్కువైందన్నాను. అదా?"

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. అందుకే పోతన్నా."

ఈ జవాబు ఎవరికీ నచ్చలేదు. ఒంట్లో బాగాలేదేమో అని కోడలు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. (జ్వరం ఉంటే మొదటి కారణం కింద ప్రయాణం మంజూరయ్యేది. లేదు.) అటు రిబ్కమ్మ ఇంట్లో ఆమె కూతురు మెర్సీ, "నువ్వు పోతే నేను తిండి పెట్టట్లేదని పేటంతా అనుకుంటారు" అని ఒకే వాక్యంలో దరఖాస్తు తిరస్కరించింది.

దారి చూపించింది రిబ్కమ్మే.

"ఓ పెట్టె పట్టుకుపోదామే."

నూజివీడు చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. మిగతావారి సౌకర్యార్థం: ఈ ప్రాంతంలో మామిడిపండ్ల అట్టపెట్టె పాస్‌పోర్టుతో సమానం. చేతిలో పెట్టె ఉన్న మనిషిని ఎక్కడికి, ఎందుకు అని అడిగేవాడు ఇంతవరకు పుట్టలేదు. చుట్టాలకు పండ్లు ఇవ్వడానికి వెళ్తోందని పెట్టే చెబుతుంది. మనిషి నోరు విప్పాల్సిన పని లేదు.

నాగేంద్రమ్మ ఆడపడుచు కోటేశ్వరమ్మ బెజవాడ సింగ్‌నగర్‌లో ఉంటుంది. ఆమెకు చిన్నరసాలంటే ప్రాణం. ఆ మాట చెప్పగానే ప్రసాద్ మొహం విప్పారింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా! అత్త దగ్గరకైతే ఇంకో రోజు ఉండిరా!"

"రిబ్కా కూడా వత్తదంటరా. పెట్టె ఓ చెయ్యి పడుతుంది."

ఇద్దరికీ అనుమతి వచ్చింది. ఇక్కడే వాళ్లొక పొరపాటు చేశారు. గడ్డి పరిచి పండ్లు సర్దిన పెట్టెను ఆ సాయంత్రం వసారాలో పెట్టారు.

వసారాకు ఎదురింటి అరుగు మీద యలమంద ఉంటాడు. లైన్‌మన్‌గా రిటైరైన నాటి నుంచి ఈ ఊరి రాకపోకల పర్యవేక్షకుడు ఆయనే. నియమించింది ఎవరూ లేరు కాబట్టి తీసేసేవాళ్లు కూడా లేరు.

"పెట్టె ఎక్కడికమ్మా నాగేంద్రమ్మా?"

"బెజవాడ బాబాయ్."

ఆ తర్వాత జరిగినదాన్ని ఆపడం మానవమాత్రులకు సాధ్యం కాదు. బెజవాడలో చుట్టం లేని కొంప రెడ్డిగూడెంలో లేదు. రాత్రి అన్నాల వేళకల్లా వసారా నిండిపోయింది. ఒకరు బంగినపల్లి తెచ్చారు. ఒకరు పెద్దరసాలు తెచ్చారు. ఒకావిడ పండ్లు కాదు, ఆవకాయ జాడీ తెచ్చి, "మూత కొంచెం వదులు, నిలువుగా పట్టుకోవాలొదినా" అని జాగ్రత్త చెప్పింది. చిరునామాలు కూడా అంతే స్పష్టంగా ఇచ్చారు. "బెంజి సర్కిల్‌లో దిగి మావాడి పేరు చెప్పు, ఎవరైనా చూపిస్తారు." (ఆ సర్కిల్‌లో ఎవరూ ఆగి నిలబడరు. ఆ సంగతి తర్వాత తెలిసింది.) కాదనడానికి వీల్లేదు. ఊళ్లోవాళ్ల పెట్టె మోయనన్న మనిషి శవాన్ని మోయడానికి కూడా ఎవరూ రారన్నది అమల్లో ఉన్న నిబంధన.

"మనం షికారుకి పోతన్నామా, సంతకి పోతన్నామా?" అంది రిబ్కమ్మ పెట్టెలు చూసి.

మర్నాడు పొద్దున బస్సులో కండక్టరు ఇద్దరి ఆధార్ కార్డులు చూసి ఉచిత టికెట్లు కొట్టాడు. పెట్టెల వైపు చూసి మాత్రం, "వీటికి ఆధార్ ఉందా అమ్మా?" అన్నాడు.

"ఉంటే మమ్మల్ని దింపేసి వాటినే కూచోబెట్టేవాడివి," అంది రిబ్కమ్మ.

సామాను టికెట్టు కొట్టాక పెట్టెలు కూడా వాళ్లతో పాటు మైలవరం దాటాయి.

బెజవాడలో మొదటి రోజంతా పంపిణీకే సరిపోయింది. పండ్లు ఇచ్చి వచ్చేస్తే అవమానం. కాబట్టి కూర్చోవాలి, టిఫిన్ తినాలి, ఆ ఇంటి పిల్లాడి మార్కులు వినాలి, ఏసీ కొత్తదని చెబితే ఆశ్చర్యపోవాలి. తీరా పండు నోట్లో పెట్టుకుని ప్రతి ఇంటివాళ్లూ ఒకే తీర్పు చెప్పారు: "పోయినేడంత తీపి లేదండీ." ఆ లోపానికి నాగేంద్రమ్మ ప్రతి ఇంట్లోనూ క్షమాపణ చెప్పుకుంది. దారిలో రసాలు కారి, రిబ్కమ్మ చీర కుచ్చిళ్లకు ఈగలు తోడొచ్చాయి.

సాయంత్రానికి మిగిలింది కోటేశ్వరమ్మ పెట్టె ఒక్కటే. అది కావాలనే ఆపారు. రేపు మధ్యాహ్నం, సరిగ్గా తిరుగు బస్సుకు ముందు ఇచ్చి వచ్చేయాలన్నది పథకం. ఊళ్లో చుట్టాలుండగా లాడ్జిలో దిగడం ఎంత నేరమో వాళ్లకు తెలుసు. నేరానికి, నేరం బయటపడడానికి మధ్య ఒక పొద్దున దొరికితే చాలు.

బస్టాండు వెనకాల సందులో ఒక లాడ్జి దొరికింది. బల్ల దగ్గర కంప్యూటరు ముందు తిరుపతిరావు అనే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. మంచివాడే.

"ఎంతమందండీ?"

"ఇద్దరం బాబూ."

"మగవాళ్లు వెనకాల వస్తున్నారా?"

"వెనకాల రారయ్యా," అంది రిబ్కమ్మ. "మా ఇద్దరికీ ముందే పోయారు."

తిరుపతిరావు తల దించుకుని కంప్యూటరు చూసుకున్నాడు. "వచ్చిన కారణం చెప్పండమ్మా. ఆసుపత్రా, పెళ్లా, గుడా, ఆఫీసు పనా?"

"ఊరికే."

"ఊరికే అనేది ఇందులో లేదండీ."

"మా ఊళ్లో కూడా లేదు బాబూ," అంది నాగేంద్రమ్మ. "ఏదో ఒకటి నొక్కు."

ఆయన కాసేపు బాధపడి 'ఆఫీసు పని' నొక్కాడు. ఆ విధంగా నాగేంద్రమ్మ జీవితంలో మొదటిసారి పని మీద ఊరెళ్లిన మనిషి అయింది. కొంగు సరిచేసుకుంది కూడా.

"ఇప్పుడు మీ ఆధార్‌కి ఉన్న ఫోనుకి ఓటీపీ వచ్చుంటది. చెప్పండి."

నాగేంద్రమ్మ సంచిలోంచి ఫోను తీసి చూసింది. రాలేదు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. రాదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆధార్ తీయించినప్పుడు పక్కన నిలబడి నంబరు చెప్పింది ప్రసాద్. అది వాడి నంబరు.

"రిబ్కా, నీ కార్డు ఇవ్వవే."

"నా దానికి పాస్టరుగారి నంబరు. ఆయనకి తెలిసిందంటే ఆదివారం మైకులో నా కోసం ప్రార్థన చేయిస్తాడు."

రెండు అపాయాల్లో చిన్నదాన్ని ఎంచుకుని నాగేంద్రమ్మ కొడుక్కి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ నంబరు ఎవరికీ చెప్పకు!" ప్రసాద్ గొంతు బల్ల అవతలికి కూడా వినిపించింది. "మోసగాళ్లు! సొంతవాళ్లకి కూడా చెప్పొద్దని బ్యాంకోళ్లు మెసేజ్ పెట్టారు. నీ పక్కన ఎవరున్నారు?"

"రిబ్కా ఉందిరా."

"ఇక్కడ లాడ్జి పేరు వచ్చిందేంటి? అత్త ఇంటికి పోలేదా?"

"రేప్పొద్దున పోతాంరా. చెప్పరా నాయనా. ఒక్క రాత్రి."

లాడ్జి పేరు ఇంకోసారి పైకి చదవడం వినిపించింది. తర్వాత ప్రసాద్ అంకెలు చెప్పాడు. తల్లి మాట కాదనే మనిషి కాదు. ఆ వెంటనే కోటేశ్వరమ్మకు కూడా ఫోన్ చేశాడు. బాధ్యత లేని మనిషి కూడా కాదు.

గది రెండో అంతస్తులో. దుప్పటి తెల్లగా ఉంది. బాల్కనీ ఉంది. బాల్కనీలో రెండు కుర్చీలున్నాయి. తలుపు పక్కన మీట చూపించి తిరుపతిరావు, "పొద్దున ఎన్నింటికి లేచినా ఇది నొక్కండమ్మా, కాఫీ పైకే వస్తుంది," అని వెళ్లిపోయాడు.

"ఎన్నింటికి లేచినా అన్నాడే," అంది నాగేంద్రమ్మ.

"అన్నాడు."

"లేవకపోతే?"

"మరీ ఆశపడకే," అంది రిబ్కమ్మ. ఎడమ పక్క కుర్చీ తనదని చెప్పి కూర్చుని, కాళ్లు చాపుకుంది. నాగేంద్రమ్మ రెండో కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుంటోంది. సరిగ్గా అప్పుడు కింద ఆటో ఆగింది.

కోటేశ్వరమ్మ మెట్లెక్కుతూనే ఏడుపు మొదలుపెట్టింది.

"మేం చచ్చామనుకున్నావా వదినా! మా అన్న ఉంటే ఇట్టా జరిగేదా! సొంత ఆడపడుచు ఊళ్లో ఉండగా లాడ్జీలోనా!"

"అట్టా కాదమ్మా కోటేశ్వరీ, రేప్పొద్దున వద్దామనే..."

కోటేశ్వరమ్మ చూపు మూలనున్న పెట్టె మీద పడింది. ఒంగి వాసన చూసింది.

"చిన్నరసాలు! నాకు తెచ్చిన పండ్లు లాడ్జీలో పెట్టుకుంటావా!"

సాక్ష్యం దొరికాక ఇక వాదన లేదు. పక్క గదులవాళ్లు తలుపులు తీసి చూస్తున్నారు. ఆటో మీటరు తిరుగుతోంది. రిబ్కమ్మ లేచి చెప్పులు వేసుకుంది. నాగేంద్రమ్మ కుర్చీని మళ్లీ గోడ వైపుకు తిప్పి పెట్టింది. తాళం ఒకసారి ఇచ్చాక గదిలో బస చేసినట్టే లెక్క, కట్టిన అద్దె వెనక్కి రాదు అని తిరుపతిరావు నొచ్చుకుంటూ చెప్పాడు. ఆ రాత్రి ఆ గది చక్కగా విశ్రాంతి తీసుకుంది.

తెల్లవారేసరికి సింగ్‌నగర్‌లో పాలపాకెట్లు వచ్చాయి. కోటేశ్వరమ్మ మంచం మీద నుంచే, "ఎవరు పెట్టినా నీ చేతి కాఫీ రుచి రాదొదినా. ఎన్నాళ్లైందో తాగి!" అంది. ఇంటిల్లిపాదీ అదే అన్నారు. పైవాటా వాళ్లకు కూడా రుచి చూపించాలన్నారు. నాగేంద్రమ్మ గిన్నె పెద్దది వెతుక్కుంది. రిబ్కమ్మ కప్పులు కడుగుతూ ఉంది.

కోటేశ్వరమ్మ కాఫీ ఊదుకుంటూ మేనల్లుడికి ఫోన్ చేసింది. "మీ అమ్మకేం తక్కువ లేదురా ప్రసాదూ. ఇక్కడ హాయిగా ఉంది. నన్నొక్క పని ముట్టుకోనివ్వట్లేదు."

ప్రసాద్ తేలికపడి ఫోన్ కింద పెట్టబోతుంటే లాడ్జి నుంచి మెసేజ్ వచ్చింది. మా గదిలో మీ బస ఎలా జరిగింది, అయిదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారు అని అడిగారు. తల్లి సుఖంగా ఉందన్న తృప్తితో అయిదూ నొక్కాడు. కింద ఇంకో ప్రశ్న ఉంది: మళ్లీ రావాలనుకుంటున్నారా?

అది కూడా ఆమె తరఫున అతనే నొక్కాడు: అవసరం లేదు.