చుక్క ఒలకకుండా ఎనిమిది కిలోమీటర్లు

గడియారాలు బాగుచేసేవాడికి ఓపిక ఎక్కువంటారు. ఆ ఓపిక కొట్లో ఉన్నంతసేపూ ఎవరికీ నష్టం లేదు. ఇంటికి తెచ్చుకుంటేనే చిక్కు.

ఆ రోజు ఈ గడియారాలాయన చెయ్యాల్సిన పని చిన్నదే. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి పదింటికల్లా భార్యను కారులో దింపాలి. డీజిలు ఖర్చు అదుపులో పెట్టే స్కూలు బస్సుల సూపర్‌వైజరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మూడేళ్ళుగా ఆమె పెట్టిన దరఖాస్తుల్లో కదిలింది ఇదొక్కటే. "పది దాటితే గేటు వేసేస్తారట" అని పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏడుసార్లు చెప్పింది.

ఆయన ఆరింటికే లేచి, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూసుకున్నాడు. డిక్కీలో ఏళ్ళ తరబడి ఊరేగుతున్న ఇనుప సామాను దింపేశాడు. ఇదంతా పెట్రోలు ఆదాకి మెకానిక్ చెప్పిన వైద్యం. అసలు మందు వేరే ఉంది. "బండిలో నిండు చెంబు పెట్టుకో గురూ. నీళ్ళు ఒలకలేదా, నీ కాలు పద్ధతిగా ఉన్నట్టు. ఒలికాయా, పెట్రోలు ఒలికినట్టే." మెకానిక్ మాటవరసకి అన్నాడు. విన్నవాడు మాటవరస అనేది ఎరగని మనిషి.

ఇంటర్వ్యూ చీర తడవకూడదు కనక చెంబు వెనక సీట్లో, కూతురికి తోడొస్తున్న అత్తగారి ఒళ్ళోకి వచ్చింది.

"ఇదేం శిక్ష అల్లుడుగారూ?"

"చేతులు కదపకండి అత్తయ్యగారూ. ఒలికితే తప్పు నాదో మీదో తెలియాలిగా!"

కారు కదిలింది. కదిలిందని చూసేవాళ్ళకు వెంటనే తెలియలేదు. ఎదర సిగ్నలు ఎర్రబడితే ఆయన ఫర్లాంగు ముందే కాలు తీసేసేవాడు. బ్రేకు జోలికి పోలేదు. పక్కన కర్ర పట్టుకుని నడిచే ముసలాయన రెండుసార్లు దాటిపోయాడు. వెనకాల నలభై బళ్ళు తోకలా పేరుకుని హారన్లతో ఏడుస్తున్నాయి.

బజారు కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు మండిపడుతూ వచ్చి కిటికీలోకి వంగాడు. నిండు చెంబు, దాని మీంచి చూపు తిప్పని పెద్దావిడ కనిపించారు.

"ఏంటి పెద్దమ్మా అది?"

"పలకరించకు నాయనా" అందావిడ పెదవి కదపకుండా. "చుక్క ఒలికిందంటే మా పని అయిపోయినట్టే."

"ఆ హారన్లు ఆపించండి సార్. కుదుపు తగలకూడదు" అన్నాడు అల్లుడు.

కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎ... ఎక్కడికి?"

"స్కూలు గ్రౌండుకి."

"మంచిది. చుట్టుపక్కల ఖాళీ జాగా అదొక్కటే. ఆపకండి, అలాగే పోనివ్వండి!" అని దూరంగా జరిగి, "పేలే సరుకు వస్తోంది, బడి ఖాళీ చేయించండి" అని వైర్‌లెస్‌లో గుసగుసలాడాడు.

ఆ తర్వాత ఒక్క సిగ్నలూ అడ్డం రాలేదు. ముందు పోలీసు మోటారు సైకిలు నడుస్తుంటే అడ్డదారులన్నీ మూసుకున్నాయి.

"చూశావా? పద్ధతిగా నడిపేవాడికి పోలీసులిచ్చే మర్యాద!" అన్నాడాయన భార్యతో.

"నాకేదో తేడాగా ఉందండీ" అంది ఆమె, వాచీ చూసుకుంటూ.

పదికి అయిదు నిమిషాలుండగా కారు గ్రౌండులో ఆగింది. బడి ఖాళీగా ఉంది. మూడు వందలమంది పిల్లలు గోడ అవతల ఎండలో నిలబడ్డారు. యాభై అడుగుల దూరంలో పోలీసులు గుండ్రంగా నిలబడ్డారు. అత్తగారు దిగి, "ఒక్క బొట్టు పోలేదు. ఇక చాలా?" అని, గొంతెండిపోయిందేమో, చెంబెత్తి గటగటా తాగేసింది.

ఎవరో కెవ్వుమన్నారు. కానిస్టేబులు కూలబడ్డాడు.

"మంచినీళ్ళే నాయనా. నీకూ కావాలా?"

హెడ్మిస్ట్రెస్ నిప్పులు కక్కుతూ వచ్చింది. "ఈ గందరగోళమంతా మీదేనా? ఇంటర్వ్యూకి వచ్చింది నువ్వేనా? ఇంకేం ఇంటర్వ్యూ, వెళ్ళమ్మా!"

మూడేళ్ళ ఎదురుచూపు మూడు మాటల్లో పోయింది. భార్య నోరు మాత్రం పోలేదు. "వెళ్తానండీ. మీ బస్సులు డీజిలు ఎందుకంత తాగుతున్నాయో చూపించి వెళ్తాను. అమ్మా, చెంబు నింపుకుని ఆ బస్సెక్కు."

డ్రైవరు రోజూలాగే ఎక్సిలేటరు తన్ని, మలుపులో బ్రేకు తొక్కాడు. బస్సు గేటు దాటకముందే అత్తగారికి తలస్నానం అయిపోయింది.

తడిసిన ఆవిడను, ఖాళీ చెంబును హెడ్మిస్ట్రెస్ మార్చి మార్చి చూసింది. "ఎనిమిది కిలోమీటర్లు... నిజంగా ఒక్క చుక్క కూడానా?"

"ఆ పోలీసులే సాక్షులండీ" అంది భార్య.

ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. మర్నాడు ఆయన ఆరింటికే లేచి, టైర్లు తుడిచి, చెంబు నింపి, కారు తలుపు తెరిచి నిలుచున్నాడు. ఆమె సంచి భుజాన వేసుకుని, ఆయన్ని దాటి, వీధి చివరికి నడిచి స్కూలు బస్సెక్కింది.

పెట్రోలు ఆదాకి అంతకన్నా మంచి పద్ధతి ఇంతవరకూ ఏ మెకానిక్కూ చెప్పలేదు.