డెబ్బై ఒకటి చూపిన వేలు

ఏడుపాయల దగ్గర ఏట్లో మునక వేసి, దుర్గమ్మకు మొక్కి, తొమ్మిదింటికల్లా మెదక్‌లో టైలర్ షాపు తెరవాలని ఎల్లం అనుకున్నాడు. పన్నెండేళ్లుగా ఆయన మొక్కు ఒకటే. టేక్మాల్‌లో ఉన్న అన్న పోచయ్య తనతో మాట్లాడాలి. తల్లి పోయిన మూడోనాడు ఆమె పేరిట పెట్టిన అన్నాన్ని పిట్ట ముట్టలేదు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే ముట్టదంటారు. "వీడుంటే ఎట్ల ముడ్తది?" అని పోచయ్య పదిమందిలో తమ్ముణ్ణి వెళ్లగొట్టాడు. మాటలు అక్కడితో ఆగిపోయాయి.

జనవరి చలిలో మునిగి, కొడుకు రమేశ్ బైకు మీద ఇల్లు చేరేసరికి ఎల్లం వేళ్లు కొయ్యబారాయి. కోడలు దేవిక కరోనా నాడు కొన్న ఆక్సిమీటర్‌కు అప్పుడే కొత్త సెల్లు వేసింది. పని చేస్తుందో లేదోనని మామ వేలికి తగిలించింది. ఆక్సిజన్ డెబ్బై ఒకటి చూపించింది. ఎల్లం భార్య పెంటమ్మ కూలబడింది. రమేశ్ ఆటో పిలిచేలోగా ఆమె టేక్మాల్‌కు ఫోన్ చేసి, "బావా, మీ తమ్ముడు దక్కేటట్టు లేడు" అని ఏడ్చేసింది.

దవాఖానలో డాక్టర్ రచన ఎల్లం చేతిని గోరువెచ్చటి నీళ్లలో పెట్టించింది. పది నిమిషాల్లో అంకె తొంభై ఎనిమిదికి వచ్చింది.

"ఏం కాలే. చలికి వేళ్లల్ల రక్తనాళాలు ముడుచుకుంటయ్. లోపల వెచ్చగుండాలని ఒళ్లు రక్తాన్ని గుండె దిక్కు గుంజుకుంటది. వేలికి రక్తం అందకుంటే మిషన్ తప్పు చెప్తది. జరసేపు పండుకొని పోండ్రి" అని చెప్పి ఆమె పక్క గదికి వెళ్లింది.

"పెద్దనాయినకు రావద్దని చెప్త" అని రమేశ్ ఫోన్ తీశాడు.

"చెప్పకు. మందుల ఫ్రిజ్‌ల ఐసు ప్యాకెట్ ఉంటది, పట్కరా" అన్నాడు ఎల్లం.

"గిదేం పని నాయినా?"

"పన్నెండేండ్లాయె బిడ్డా."

రమేశ్ ఫోన్ జేబులో పెట్టుకొని వెళ్లాడు. ఐసు ప్యాకెట్ దుప్పటి కిందికి చేరింది.

గంటకు పోచయ్య బండి మీద వచ్చాడు. ఎగపోస్తూ లోపలికొచ్చి చూస్తే తమ్ముడి వేలి మీద డెబ్బై ఉంది. ఆ చల్లటి చెయ్యి పట్టుకొని పోచయ్య ఏడ్చాడు.

"అమ్మ ఆఖరికి నిన్నే అడిగింది తమ్మీ. నేనే నీకు కబురు పెట్టకపోతి. పిట్ట అందుకే ముట్టలే. తప్పు నీ మీదికి నూకిన."

ఎల్లం లేచి కూర్చున్నాడు. మొక్కు తీరింది గానీ, ఇలా తీరాలని ఆయన కోరుకోలేదు.

"అన్నా, నాకేం కాలే. చలికి గట్ల చూపిస్తదంట. నువ్వు గూడ గాలిల వచ్చినవ్ గద, నీ వేలు పెట్టి చూడు."

పోచయ్య వేలికి డెబ్బై ఎనిమిది వచ్చింది. పన్నెండేళ్లకు అన్నదమ్ములు కలిసి నవ్వారు. పోచయ్య చేతిని కూడా వేడినీళ్లలో పెట్టించారు. పది నిమిషాలకు డెబ్బై తొమ్మిది. ఇంకో పది నిమిషాలకు డెబ్బై ఏడు.

రమేశ్ డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు. ఆమె పోచయ్య ఛాతీకి స్టెత్ ఆనించి చాలాసేపు విన్నది.

"దమ్ము ఎన్ని రోజుల సంది?"

"నెలాయె. చలికే అనుకున్న."

"ఇంకో రెండు రోజులు ఆగితే చెయ్యి దాటిపోతుండె" అని ఆమె ఎల్లం వైపు తిరిగింది. "మీరు జర మంచం దిగుండ్రి."

పోచయ్యను పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. ఎల్లం పక్కనే నిలబడి అన్న చెయ్యి పట్టుకున్నాడు. మాస్కు లోంచి పోచయ్య గొణిగాడు.

"తమ్మీ, గీ మంచం గింత సల్లగుందేంది?"

"దవాఖాన మంచాలు గట్లనే ఉంటయ్ అన్నా" అని ఎల్లం, దుప్పటి కింది ఐసు ప్యాకెట్‌ను మెల్లగా తీసి జేబులో వేసుకున్నాడు.