తైవాన్ ఫ్రేము

ఆ ఆదివారం పొద్దున అంబదాస్ అనుకున్నది చాలా చిన్న పని. దుకాణం తెరవాలి, ఊడ్వాలి, ఇంటికి వెళ్లి ఫ్రేము తెచ్చుకోవాలి, హైదరాబాద్ బస్సు వచ్చేలోపు దాన్ని సైకిలు చేసి నిలబెట్టాలి. బస్సు దిగిన పశువుల డాక్టరు సునీత ఆ సైకిలెక్కి, నారాయణఖేడ్ జనమంతా చూస్తుండగా వెళ్లాలి. చూసేవాళ్లలో మాణిక్యప్ప ముందు వరుసలో ఉండాలి. అసలు సంగతి అదే.

మాణిక్యప్ప దుకాణం ఓనరు. ఆయన ఇంటి కింద వీధి వైపు మూడు మడిగెలు, అంటే దుకాణం గదులున్నాయి, పైన అంతస్తు కడుతున్నాడు. అంబదాస్ ఉన్న మడిగెలో మొబైల్ షోరూము పెట్టించాలని ఆయన కోరిక. మీసం రాకముందు నుంచి అక్కడే పంక్చర్లు అతుకుతున్న మనిషిని లేవగొట్టాలంటే ఏదో ఒక కారణం చెప్పాలి. ఆ కారణాన్ని ఆయన టీ హోటల్లో, పదిమంది వినేటట్టు చెప్పాడు.

"ఇయ్యాలరేపు సైకిల్ తొక్కేటోడు ఎవడున్నడు అంబదాసూ? నీ దుకాణంల గాలి తప్ప ఏమున్నది?"

అంబదాస్ బడి మధ్యలోనే మానేశాడు గానీ జవాబులు చెప్పడం మానలేదు. అతని ఆస్తి అదే, అతని రోగమూ అదే.

"ఏమున్నదా? ఐతారం నాడు నా దుకాణంల నుంచి తైవాన్ సైకిల్ బయటికొస్తది, కండ్లు కడుక్కొని సూడు. రాకపోతే మడిగె చాబి నేనే తెచ్చి నీ చేతిల పెడ్త!"

"అందరు ఇన్నరుగా?" అన్నాడు మాణిక్యప్ప.

అందరూ విన్నారు. ఈ ఊళ్లో సాయం అడిగితే ఎవరికీ వినబడదు. ఇలాంటివి మాత్రం డిపోలో బస్సు కింద పడుకున్న మెకానిక్కుకు కూడా వినబడతాయి.

సునీత డ్యూటీ మనూరు మండలంలో, అద్దె గది నారాయణఖేడ్‌లో. ఆటోలు పోని తండాలకు రాళ్ల బాటల్లో వెళ్లడానికి ఆమె మౌంటెన్ బైక్ తయారు చేయించుకోదలిచింది. కార్బన్ ఫ్రేమును తైవాన్ నుంచి తెప్పించింది. చక్రాలు, గేర్లు, బ్రేకులు విడివిడిగా కొన్నది. "అన్నా, నువ్వు బిగిస్తవా?" అని అంబదాస్‌ను అడిగితే, "బిగించుడేంది డాక్టరమ్మా, పుట్టిస్త" అన్నాడు. అప్పటికి అతను కార్బన్ ఫ్రేమును ఫోనులో తప్ప చూసి ఎరగడు.

శనివారమంతా చక్రాలకు టైర్లు ఎక్కించి, మిగతా సామానంతా దుకాణంలో పరిచి పెట్టుకున్నాడు. షట్టరు గొళ్లెం సరిగా లేదు, బాగు చేయించమంటే మాణిక్యప్ప వినడు. అందుకని ఫ్రేమును మాత్రం సాయంత్రం చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. నల్లటి నలుపు. రంగు లేదు, పేరు లేదు, రెండు వేళ్లతో ఎత్తితే లేచింది.

"ఏందది?" అన్నది భార్య రుక్కమ్మ. "మందిది పిరం సామాను ఇంట్ల తెచ్చి పెడితే మంచిగుండదు. ఏమన్నయితే నువ్వు కడ్తవా?"

పరాయివాళ్ల ఖరీదైన సామాను మీద రాత్రిపూట ఉపన్యాసం వినే ఓపిక అంబదాస్‌కు లేదు. "పిరం ఏంది? ఉత్త ప్లాస్టిక్," అనేసి పడుకున్నాడు.

తెల్లారి దుకాణం ఊడ్చి ఇంటికొచ్చేసరికి ఫ్రేము పెట్టిన మూల ఖాళీగా ఉంది. వాకిట్లో రుక్కమ్మ చాటలో వెల్లుల్లి పోసుకుని పొట్టు ఊదుతోంది.

"ఫ్రేమేది?"

"ఏం ఫ్రేము?"

"గా మూలకు నల్లది!"

"గదా? ఎల్లయ్య వచ్చిండు. పాత ప్లాస్టిక్‌కు ఎల్లిగడ్డ ఇస్తుండు కదా. పలిగిన బకెట్, నీ నల్లది, రెండు ఏసిన." రుక్కమ్మ గొంతులో గర్వం కూడా ఉంది. "బరువే లేదు అన్నడు. గింత పెద్దగున్నదాన్ని పట్టుకొని బరువు లేదంటవా అని కొట్లాడి ఇంకో రెండు గడ్డలు ఏయించిన."

"డాక్టరమ్మ సైకిల్ ఫ్రేమును ప్లాస్టిక్‌ల ఏసినవా!" అన్నాడు అంబదాస్.

"నువ్వే గదా అన్నవ్, ఉత్త ప్లాస్టిక్ అని?"

తన మాటే తిరిగొచ్చి తనకు తగిలింది. అతని జీవితంలో అలా జరగడం అరుదు. వెల్లుల్లి తిరిగిచ్చి ఫ్రేము తీసుకోవచ్చుననుకుని, చాట అందుకుని వీధిలోకి పరుగెత్తాడు.

"ఎల్లయ్యా! ఓ ఎల్లయ్యా! ఆగురా!"

మూల ఇంటి వినోద గేటు తీసుకుని బయటికొచ్చింది. "ఏమైంది అన్నా? ఎల్లిగడ్డ పట్టుకొని ఉరుకుతున్నవ్?"

నిజం చెబితే టీ మరిగే లోపు మాణిక్యప్పకు చేరుతుంది. చాబి పోతుంది. అంబదాస్ ఆయాసపడుతూ, "ఎల్లయ్య మోసం జేసిండు!" అని మాత్రం అన్నాడు. మనిషి పరుగెత్తుతున్నప్పుడు అబద్ధాలు పొట్టిగా, చాలా బలంగా వస్తాయి.

వినోద లోపలికి వెళ్లింది. తన ఇంట్లో వెల్లుల్లిని కొత్త కళ్లతో చూసింది. రెబ్బలు సన్నగా ఉన్నాయి. అవి ఎప్పుడూ అంతే సన్నగా ఉంటాయి గానీ, ఇప్పుడు ఆ సన్నదనం మోసంలా కనిపించింది. కొంగులో మూట కట్టుకుని బయలుదేరింది. పక్కింటామె అడిగితే, "ఎల్లిగడ్డల ఏదో కలిపిండట" అన్నది. ఆ పక్కింటామె, "మందు కొట్టిన ఎల్లిగడ్డట" అన్నది. వీధి చివర రిబ్కమ్మ దాకా వచ్చేసరికి అది తిన్న బర్రె ఒకటి పడిపోయింది కూడా. రిబ్కమ్మ పొయ్యి మీది పప్పు దించి పెంటకుప్ప మీద పారబోసి, గరిటె అట్లాగే చేతబట్టుకుని జనంలో కలిసింది.

మనూరు ఆటోల అడ్డా దగ్గర ఎల్లయ్య తన టీవీఎస్ బండి మీద బకెట్లు, డబ్బాలు కట్టుకుంటూ కనిపించాడు. తల తిప్పి చూశాడు. ముందు చాటతో అంబదాస్, వెనక వెల్లుల్లి మూటలతో ఆడవాళ్లు, అందరికంటే వెనక గరిటె. ఎల్లయ్య తప్పేమీ చేయలేదు. కానీ అంతమందిని ఒకేసారి చూస్తే ఎవరికైనా ఏదో ఒక తప్పు గుర్తొస్తుంది. బండి ఎక్కి కిక్కు కొట్టాడు.

ఎక్కువ దూరం పోలేదు. ఆటోలు ఎప్పటిలాగే రోడ్డుకు అడ్డంగా నిలబడి "మనూర్, మనూర్" అని అరుస్తున్నాయి. బండి మీది మోపు రెండు ఆటోల మధ్య ఇరుక్కుంది. తాడు తెగి, నారాయణఖేడ్ పాత ప్లాస్టికంతా రోడ్డు మీద దొర్లింది.

"నా తూకం కాంట మంచిగనే ఉన్నది!" అని ఎల్లయ్య రెండు చేతులూ పైకెత్తాడు. "ఎవలైనా చూస్కోండ్రి!"

"కాంట సంగతి ఎవడడిగిండు?" అంటూ రిబ్కమ్మ గరిటె చూపించింది. "ఎల్లిగడ్డల ఏం కలిపినవ్?"

అంబదాస్‌కు ఇవేవీ పట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని బకెట్లు, డబ్బాలు, విరిగిన కుర్చీలు తిరగేశాడు. నల్లది లేదు.

"గా నల్లది ఏడ పెట్టినవ్ రా?"

"గదా? మాణిక్యప్ప పటేల్ తీస్కున్నడు. తొవ్వల చూసి, కొమ్ములు మంచిగున్నయ్, కట్టే ఇంటి దిష్టికి పనికొస్తది అన్నడు."

అంబదాస్ లేచి దుకాణం వైపు పరుగెత్తాడు. అతను పరుగెత్తాడంటే ఏదో ఉందని జనమూ పరుగెత్తింది. పారిపోతే ఇంకా అనుమానిస్తారని ఎల్లయ్య కూడా వెంటపడ్డాడు.

దుకాణం ముందు నిలబడి తలెత్తి చూశాడు. కట్టుబడి జరుగుతున్న పై అంతస్తు నుంచి, సరిగ్గా అతని బోర్డు మీదుగా, తైవాన్ ఫ్రేము తలకిందులుగా వేలాడుతోంది. వెనక చక్రం పట్టే రెండు కాళ్లు కొమ్ముల్లా పైకి ఉన్నాయి. ఒళ్లంతా సున్నం బొట్లు. ఒక కొమ్ముకు నిమ్మకాయలు, మరో కొమ్ముకు పాత చెప్పు. తాడు మీద నమ్మకం చాలక, మేస్త్రీ సంగప్ప నిచ్చెనెక్కి ఫ్రేము మధ్యలో పెద్ద మేకు ఆనించి సుత్తె ఎత్తాడు.

"కొట్టకు సంగప్పా! కొట్టకు! అది సైకిల్!"

సుత్తె గాలిలో ఆగింది. మాణిక్యప్ప అరుగు మీంచి లేచాడు.

"సైకిలా? చక్రాలేవి?"

"నా దుకాణంల ఉన్నయ్!"

"హ్యాండిలేది?"

"గదీ దుకాణంలనే ఉన్నది!"

"అంటే నీ తైవాన్ సైకిల్..." అని మాణిక్యప్ప కొమ్ముల వైపు, చెప్పు వైపు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. జనమూ నవ్వింది. ఇందాకటి దాకా అతని వెనక పరుగెత్తినవాళ్లే. "చాబి తే, అంబదాసూ."

అప్పుడే సంచి భుజాన వేసుకుని సునీత వచ్చింది. బస్సు దిగి గుంపును చూసి ఏ పశువుకో ఏమో అయిందనుకుంది. అందరూ పైకి చూస్తుంటే తనూ చూసింది.

"అన్నా... నాదేనా అది?"

"నీదే డాక్టరమ్మా."

"ఆ చెప్పు?"

"చెప్పు నీది కాదు."

రుక్కమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది. "తప్పు నాదమ్మా. ఉత్త ప్లాస్టిక్ అన్నడు, నేను నమ్మిన."

"పటేలా," అన్నాడు అంబదాస్. మొహం నల్లబడింది గానీ గొంతు తగ్గలేదు. "నేను ఐతారం అన్న. పొద్దుగూకేదాక ఐతారమే. మర్యాదగ దించు. అటెనక చాబి అడుగు."

"దించద్దు!" అని లోపలి నుంచి మాణిక్యప్ప భార్య పుష్పమ్మ కేక వేసింది. ఈ ఇంట్లో ఇటుకలు మాణిక్యప్పవి, మాట పుష్పమ్మది. "సున్నం బొట్లు పెట్టి, నిమ్మకాయ తిప్పి కట్టినంక స్లాబు పడకముందే దించుతే ఇంటి మీదికొస్తది. ఎవని సైకిలైతే నాకేంది?"

"అది నాదమ్మా," అన్నది సునీత.

పుష్పమ్మ తగ్గింది. ఆమె బర్రె దూడ అడ్డం తిరిగి చావబోతే, వానలో వచ్చి చెయ్యి పెట్టి దూడను తీసింది సునీతే. అటు డాక్టరమ్మ, ఇటు దిష్టి. రెండింటినీ కలిపి తీర్పు చెప్పింది.

"మనుషులు పొద్దంతా బయటికి పోయి వస్తరు కదా, గట్లనే అదీ పోనీ. కానీ రాత్రి మాత్రం ఈ కప్పు కిందనే ఉండాలె. కట్టిన కాడ, ఈ ఇంట్ల, ఈ మడిగెలనే. స్లాబు పడేదాక. బొట్లు తుడువద్దు."

"నాకు సమ్మతమే. మూడో అంతస్తు గదికి దాన్ని మోసే బాధ తప్పుతది," అన్నది సునీత.

మాణిక్యప్ప కూడా సరేనన్నాడు. కొమ్ములున్న ఆ వస్తువు చీకటి పడేలోపు సైకిలవుతుందని ఆయనకు నమ్మకం లేదు.

అంబదాస్ షట్టరు పూర్తిగా ఎత్తాడు. ఊరంతా చూడనీ, అనుకున్నాడు. ఫ్రేముకు ముందు చక్రం పట్టే ఫోర్కు ఎక్కించాడు, పెడళ్లు బిగించే క్రాంకు పెట్టాడు. జీవితమంతా అతను చెయ్యి వణికేదాకా బిగించిన మనిషి. కార్బన్‌ను అట్లా బిగిస్తే పగులుతుందని సునీత ఒక కొత్త పానా ఇచ్చింది. చాలినంత బిగిసింది అనగానే అది 'టిక్'మంటుంది.

"పానా నాకు చెప్తదా?" అన్నాడు అంబదాస్.

"చెప్తది అన్నా. వినాలె."

టిక్ అన్నప్పుడల్లా అతను పానాను ఓనరును చూసినట్టు చూసి ఆగాడు. చైను కొలత తప్పి ఒకసారి విప్పాడు. గేరు తీగ తప్పు రంధ్రంలో దూర్చి రెండోసారి విప్పాడు. "అయితదా?" అని అడిగినవాళ్లకు "నీ పెండ్లి అయింది, ఇది కాదా?" అన్నాడు. మధ్యాహ్నం అన్నం రుక్కమ్మ అక్కడికే తెచ్చింది, తప్పు తనదన్న బాధతో తాను మాత్రం తినలేదు. ఎల్లయ్య మూలన కూర్చుని తన వెల్లుల్లినే నమిలి చూపిస్తూ బతికే ఉన్నానని రుజువు చేస్తున్నాడు.

ఎండ పసుపు రంగుకు తిరిగాక సునీత సైకిలెక్కింది. సున్నం బొట్లతో సైకిలు చిరుతపులిలా ఉంది. బస్టాండు దాకా వెళ్లి, రాళ్ల కుప్ప మీదికెక్కించి, అవతలి వైపు దిగి, నవ్వుతూ తిరిగొచ్చింది. జనం ఈలలు వేశారు.

అంబదాస్ మాణిక్యప్ప వైపు తిరిగాడు. "సూసినవా పటేలా? ఐతారమేనా ఇయ్యాల?"

"చూసిన. మంచిగనే ఉన్నది," అన్నాడు మాణిక్యప్ప చల్లగా. "అయినా మడిగె నాది. పందెం గిందెం నాకు తెల్వదు. వచ్చే నెల ఖాళీ చెయ్యి."

ఈలలు ఆగిపోయాయి. పందెం గెలిచినవాడికి ఏమన్నా ఇస్తానని మాణిక్యప్ప ఎప్పుడూ అనలేదని అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. పొద్దున నవ్విన జనం ఇప్పుడు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు.

అంబదాస్ నడుము నుంచి తాళపుచెవుల గుత్తి తీశాడు. మాణిక్యప్ప కాళ్ల ముందు పారేశాడు.

"వచ్చే నెలెందుకు? ఇప్పుడే తీస్కో. నా పానాలు నేను ఎత్తుకపోత. సైకిల్ ఈడనే ఉంటది, పుష్పమ్మ మాటిచ్చింది. మందిది పిరం సామాను. దాని పక్కన ఎవలు పండుకుంటరో, ఏమన్నయితే డాక్టరమ్మకు ఎవలు జవాబు చెప్తరో మీరు మీరు చూస్కోండ్రి. మొబైల్ షాపోడు ఒప్పుకుంటడా? దిష్టి సామాను పక్కన పెట్టుకొని ఫోన్లు అమ్ముతడా?"

మాణిక్యప్ప నోరు తెరిచాడు. మాట మాత్రం పుష్పమ్మ నుంచి వచ్చింది. ఆమె మెట్లు దిగి, వంగి, గుత్తి తీసి, కొంగుతో దుమ్ము తుడిచి అంబదాస్ చేతిలో పెట్టింది.

"స్లాబు పడేదాక నువ్వు కదులుడు లేదు. కదిలితే ఊకోను."

"పుష్పా, మొబైల్..." అన్నాడు మాణిక్యప్ప.

"మొబైల్ లేదు గిబైల్ లేదు. గొళ్లెం బాగు చేయించు."

ఇది జరిగి చాలా రోజులైంది. షట్టరుకు కొత్త గొళ్లెం వచ్చింది. సునీత సైకిలు పొద్దంతా తండాలు తిరిగి, దీపాలు పెట్టే వేళకు దుకాణం చేరుతోంది. స్లాబు తొందరగా వేయించాలని మాణిక్యప్ప సిమెంటు, ఇసుక, ఇనుప సలాక అన్నీ తెప్పించి మేస్త్రీ కోసం రోజూ రోడ్డు వైపు చూస్తున్నాడు. సంగప్ప పనికి సైకిలు మీదే వస్తాడు, ఈ మధ్య అది తరచూ పంక్చరవుతోంది, అతికే తొందర మాత్రం అంబదాస్‌కు లేదు.