మూడు ముఖాల ప్లాన్

ముఖం భగవంతుడు ఉచితంగానే ఇచ్చాడు. అది నలుగురికీ కనబడాలంటే మాత్రం ప్లాన్ ఎంచుకోవాలి. ఈ సత్యాన్ని ఘాజియాబాద్‌లోని మా హిండన్ తీర తెలుగు సమాఖ్య ఐదు సమావేశాలు జరిపి, లెక్కకు అందనన్ని సమోసాలు తిని, ఏకగ్రీవంగా కనుగొంది.

విషయం చిన్నదే. సమాఖ్యకు పాతికేళ్లు నిండాయి. ప్రత్యేక సంచిక వేయాలి, దాని అట్ట మీద మా మొట్టమొదటి ఉగాది నాటి గ్రూప్ ఫొటో వేయాలి. ఫొటోలో ముప్పై ఒక్కమంది ఉన్నారు. ముందు వరసలో, మెడలో దండతో, అధ్యక్షులు జనార్దనరావు గారు (కేంద్ర ప్రభుత్వంలో డైరెక్టరుగా రిటైరయ్యారు, ఆ సంగతి ఆయనింకా పూర్తిగా ఒప్పుకోలేదు). వెనక వరసలో, కుడి చివర, గోడకు ఆనుకుని, చేతిలో గరిటెతో సీతారత్నం గారు. గరిటె స్పష్టంగానే ఉంది. ముఖం మీదికి మాత్రం పాతిక వానాకాలాల తేమ మరక పాకింది.

ఈ సమాఖ్య పుట్టిందే సీతారత్నం గారి రెండు గదుల క్వార్టర్లో. తలుపుల మీద తెలుగు పేర్లు వెతుక్కుంటూ కాలనీలన్నీ తిరిగి, తొమ్మిది కుటుంబాలను పోగుచేసింది ఆవిడే. ఆ తర్వాత సమాఖ్య దిగిన ఫొటోలు రెండు వేల పైచిలుకు. ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. అందరూ వరసల్లో సర్దుకునే వేళకు ఆవిడ పొయ్యి దగ్గర ఉండేది. తిరగమోత ఫొటో కోసం ఆగదు కదా. కాబట్టి ఈ మరక కింద ఉన్న ముఖమే సమాఖ్య రికార్డుల్లో ఆవిడకున్న ఏకైక ఆధారం.

"మా మనవరాలు అడుగుతోంది నాయనా," అంది ఆవిడ, మొదటి సమావేశానికి టీ తెచ్చినప్పుడు. "'నానీ, ఇస్ మే ఆప్ కహాఁ హో?' అని, ఇందులో నేనెక్కడున్నానని. ఇదిగో, ఈ గరిటె పట్టుకున్నది నేనేనే అంటే నమ్మదు. కాస్త నా మొహం కనబడేట్టు చేయించు, నీకు పుణ్యముంటుంది."

"అదెంత పని ఆంటీ!" అన్నాను. సంచిక ఉపసంఘానికి కన్వీనర్ని నేనే. ఎంత పనో అప్పటికి నాకు తెలియదు.

గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే జశ్వంత్ ల్యాప్‌టాప్ తెరిచి, పాత ఫొటోలను బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి చూపించాడు. ప్రాథమిక ప్లానులో నెలకు మూడు ముఖాలు బాగుచేస్తారు. ప్లస్‌లో పది. ప్రోలో ఎన్నయినా. ఆ పైన ఇంకో ప్లాన్ ఉంది గానీ, దాని ధర దగ్గర 'మాతో మాట్లాడండి' అని మాత్రమే రాసి ఉంది (ఇందిరాపురంలో ఫ్లాట్లు అమ్మేవాళ్లూ ఇలాగే అంటారు). ప్లస్ నెత్తిన 'అత్యధికులు మెచ్చినది' అని పట్టీ కట్టారు. ఆ అత్యధికులు మొత్తం ఎంతమందిలో అత్యధికులో చెప్పలేదని కోశాధికారి సుందరరామయ్య గారు అభ్యంతరం తెలిపారు. ఆయన ఆడిట్ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశారు. అభ్యంతరం నమోదైంది.

"అంకుల్, ప్రో తీసుకుంటే అయిపోతది," అన్నాడు జశ్వంత్. "వారం రోజులు ట్రయల్ ఫ్రీ. ఇగో, స్టార్ట్ చేసేసిన. పది నిమిషాల పని."

"పది నిమిషాలా?" సుందరరామయ్య గారు కళ్లజోడు తీసేశారు. "ప్రొసీజర్ ఒకటుంటుంది కదయ్యా. నువ్వు టపీమని నొక్కేస్తే రేపు జవాబు చెప్పేదెవరు?"

ట్రయల్‌ను వాడుకోవచ్చునా అన్న ప్రశ్న మీద ఫైలు తెరిచాం. ఫైలు నోయిడా సభ్యుడి దగ్గర రెండు రోజులు, ఢిల్లీ ద్వారక సభ్యుడి దగ్గర మూడు రోజులు, అధ్యక్షుల వారి ఇంట్లో ఫ్రిజ్ మీద మరో మూడు రోజులు ఉండి, 'చర్చించవలెను' అన్న ఒక్క మాటతో తిరిగొచ్చింది. ఆ రోజు చర్చించి, వాడుకోవచ్చునని తీర్మానించాం. ట్రయల్ ముందు రోజే ముగిసింది. (తీర్మానం ఇప్పటికీ అమల్లో ఉంది.)

ఇక కొనడమే. కొటేషన్లు మూడుండాలి కనుక మూడు ప్లాన్లనూ మూడు కొటేషన్లుగా పరిగణించాం. మూడూ ఒకే కంపెనీవి కావడం వల్ల పోటీకి భంగం లేదని తేల్చాం. అందరికంటే తక్కువ చెప్పినవాడికే పని ఇవ్వాలన్నది సర్కారీ ధర్మం గనుక ప్రాథమిక ప్లాన్ గెలిచింది. ముప్పై ఒక్క ముఖాలకు మూడు.

సీనియారిటీ జాబితా తయారైంది. ఫొటో దిగిన నాటి హోదా, జీతపు స్కేలు, ఢిల్లీలో చేరిన తేదీ. సీతారత్నం గారి పేరెదురుగా హోదా గడిలో చిన్న గీత పెట్టారు. ఆ గీతను చూసి నాకు ఒళ్లు మండింది. "ఆవిడ లేకపోతే ఈ జాబితా ఉండేదా అండీ?" అన్నాను, కొంచెం గట్టిగానే.

నన్ను ఆదుకున్నది, ఎవరూ ఊహించరు, జాబితాలో రెండో పేరుగా ఉన్న సుందరరామయ్య గారు. "నా మొహం అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. బాగుచేయించి ఎవరికి చూపించాలి? నా వంతు ఆ తల్లికిచ్చెయ్యండి," అన్నారు. ఒకటి అధ్యక్షులకు, రెండోది సీతారత్నం గారికి, మూడోది రిజర్వు అని రాసుకున్నాం. ఆ సాయంత్రం నేను నిజంగా సంతోషించాను.

ప్రోటోకాల్ ప్రకారం అధ్యక్షుల వారి ముఖం ముందు పెట్టాం. సగం మూసుకున్న కళ్లను సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఎంత తెరిచిందంటే, ఇంటి మీదికి విజిలెన్స్ వాళ్లు వచ్చినట్టు ఉన్నారాయన. "కొంచెం తగ్గించవోయ్," అన్నారు. తగ్గించాం. దానితో పాటు అది అడక్కుండానే జుట్టు నల్లబరిచి మీసం తీసేసింది. ఆయన శ్రీమతి చూసి ఈ కుర్రాడెవరని అడిగారట. "మీసం పెట్టించు," అన్నారు. పెట్టించాం. అప్పుడు తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి: ఈ నెల మీ మూడు ముఖాలూ పూర్తయ్యాయి. సవరణ కూడా ముఖమేనని నిబంధనల్లో ఉందట. తర్వాతి మూడు ముఖాలు పదిహేడున వస్తాయి. ప్రెస్సుకు పన్నెండున ఇవ్వాలి. ప్లాన్ మార్చాలంటే కొత్త ఫైలు తెరవాలి.

అయితే ప్రాథమిక ప్లానులోనూ 'నేపథ్యం శుభ్రం' అనే సదుపాయం ఎన్నిసార్లయినా ఉచితం. మరకన్నా పోతుంది కదా అనుకున్నాను. ఆ బొత్తాం నొక్కింది నేనే.

మరక పోయింది. దాని కింద ఉన్నదీ పోయింది. గరిటెతో సహా. 'అభినందనలు! మీ ఫొటోలో ఒక అనవసర వస్తువు తొలగించబడింది' అని వచ్చింది.

"ఇప్పుడు నీట్‌గా ఉందోయ్," అన్నారు జనార్దనరావు గారు. "ఇదే పంపించెయ్."

మరక ఉన్న పాత ఫొటోయే పంపుదామని నేను అనాలి. అనలేదు. పంపించేశాను. నాకు సిగ్గేసింది, దాన్ని నమోదు చేయడానికి ఫైల్లో గడి లేదు.

ఆవిష్కరణ సభ బ్రహ్మాండంగా జరిగింది. నూట యాభై మందికి పులిహోర సీతారత్నం గారే కలిపారు. సంచిక చేతికివ్వగానే కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, అట్ట మీద వేలు పెట్టి, వెనక వరస వెంట నెమ్మదిగా కుడి చివరి దాకా వెళ్లారు. వేలు అక్కడే ఆగింది. పక్కన మనవరాలు తొంగిచూస్తోంది.

"గోడ శుభ్రంగా వచ్చింది నాయనా," అన్నారావిడ.

తర్వాత పాతికేళ్ల గుర్తుగా గ్రూప్ ఫొటో దిగాం. ఈసారి ఏ ఒక్కరూ తప్పిపోకూడదని అధ్యక్షుల వారు మరీ మరీ చెప్పడంతో, ఫోను సీతారత్నం గారి చేతికిచ్చాం.