మైకు తాగిన కషాయం

ఆ ఉదయం ఆకాశం చినుకు రాల్చేలా ముంచుకొచ్చి, రాల్చకుండా ఊరుకుంది. కోడలికి కావలసిందీ అదే. కిటికీలు బార్లా తెరిచి ఉంచితే కషాయం వాసన ఇంట్లో నిలవదు.

ఆమెకు నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. అండాశయాల్లో నీటి బుడగలున్నాయని స్కాన్‌లో తేలింది. ఆయుర్వేద వైద్యురాలు నాడి చూసి చూర్ణం పొట్లం ఇచ్చింది. "పరగడుపున కాచుకుని తాగు. బాగా నడువు, పెందలాడే పడుకో. డాక్టరు చెప్పిందీ మానకు. మధ్యలో ఆపితే మాత్రం మళ్లీ మొదటికొస్తావు," అంది.

కోడలికి పిల్లలు కావాలి. అయితే ఈ వైద్యం సంగతి మామకు తెలియకూడదు. ఆయన పాత బస్సు డ్రైవరు. రిటైరైనా రోజూ గ్యారేజీకి పోయి కూర్చుంటాడు. అక్కడ అందరూ ఆయన్ని మైకు అంటారు. ఆయన చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా అన్ని బస్సులూ ఎక్కేస్తుంది.

కషాయం పొంగే వేళకు అత్త వంటింట్లోకి వచ్చింది.

"ఏంటే ఈ కంపు?"

కోడలు నోరు తెరిచేలోగా ఆమె మొగుడు అందుకున్నాడు. ఎవరికీ చెప్పనని భార్యకు మాటిచ్చాడు మరి. "నాదేనమ్మా. గ్యాసు మందు."

"నీకు గ్యాసేంట్రా? ఉన్న గ్యాసంతా మీ నాన్నదైతే!" అంటూ అత్త గిన్నె వంచి, సగం గ్లాసులో పోసుకుని పట్టుకుపోయింది.

మామ ముక్కు మూసుకుని తాగాడు. కాసేపటికి ఇల్లదిరేలా త్రేన్చాడు. "ఏం మందురా ఇది! పొట్ట దూదిపింజలా ఉంది!"

మర్నాటి నుంచి ఆయన వాటా ఖాయమైంది. ఆ తర్వాత కషాయం ఫ్లాస్కులో గ్యారేజీకి ప్రయాణం కట్టింది. కండక్టరు తాగాడు, మెకానిక్కు తాగాడు. "గాలి నింపడమే నాకు తెలుసు, ఇట్టా తియ్యడం ఇప్పుడే చూశా," అన్నాడు టైర్లకు గాలి పట్టే మనిషి. కోడలి వంతుకు గిన్నె అడుగున మడ్డి మిగిలేది.

"నిజం చెప్పెయ్యనా?" అన్నాడు మొగుడు.

"చెప్పండి. రేపు బస్సెక్కితే కండక్టరు టికెట్టుతో పాటు నా అండాశయాల క్షేమం కూడా అడుగుతాడు."

"మరి మందు?"

"మీ గ్యాసు తగలెయ్యా! తలనొప్పి మందని చెప్పలేకపోయారూ?"

పొట్లం అయిపోయింది. కోడలు చెప్పులేసుకునేలోగానే మామ, తన కొడుకు నోట వైద్యురాలి వీధి చెప్పించుకుని, ఖాళీ పొట్లం జేబులో పెట్టుకుని, గ్యారేజీ బృందంతో బయల్దేరాడు.

వైద్యురాలు పొట్లం వాసన చూసింది. వరసగా నిలబడ్డ మీసాలను చూసింది.

"ఇది ఆడవాళ్లకు నెలసరి సరిగ్గా రావడానికి, కడుపు పండడానికి ఇచ్చే మందు. మీలో ఎవరికి కావాలి?"

ఎవరూ కదల్లేదు. గాలి పట్టే మనిషి మాత్రం పొట్ట తడుముకున్నాడు.

"మైకూ, మీ ఇంట్లో ఎవరిదోయ్ ఇది?" అన్నాడు కండక్టరు.

రోజూ గిన్నె అడుగు గరిటెతో గీరుకునే కోడలు మామ కళ్ల ముందు మెదిలింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చేతికి దొరికిన వార్తను చెప్పబుద్ధి కాలేదు.

"నాదే," అన్నాడు. "గ్యాసుకనుకుని నేనే కొన్నా. ఈమెను సరిగ్గా అడగలేదు."

వైద్యురాలు ఆయన్ని అంతకు ముందెన్నడూ చూసి ఎరగదు.

"అవును, ఈయనే," అంది.

ఆయన గ్యారేజీ చేరేసరికే ఆ కబురు చేరిపోయింది. "మైకూ, ఎన్నో నెల?" అని బస్సుల కింద నుంచి కేకలు. "పుల్లటివేమైనా తెమ్మంటావా?" మైకు ఒక్కడే లేచి, మళ్లీ వైద్యురాలి వీధికి నడిచాడు.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మామ జేబులోంచి నిండు పొట్లం తీసి కోడలి కంచం పక్కన పెట్టాడు. అత్త పొట్లాన్ని చూసింది, కోడల్ని చూసింది. మెల్లిగా లేచి దాన్ని తీసుకెళ్లి కోడలి అలమారలో పెట్టి, వచ్చి కూర్చుంది. కోడలు తలొంచుకుని మామకు ఇంకాస్త అన్నం వడ్డించింది. ఎవరూ ఏమీ అనలేదు.

మామ కడుపు ఒక్కటే, చాలా రోజుల తర్వాత, మళ్లీ మాట్లాడింది.