శుభం కార్డు తరువాత

ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, మా వీధిలో ప్రతిభ ఉన్నట్టు అధికారికంగా నిర్ధారణ అయింది. వీధి అభివృద్ధి సంఘం అత్యవసరంగా సమావేశమై, సినిమాహాలు ఆపరేటర్ గారి పదిహేడేళ్ళ కూతురు సినిమాలకు సంగీత దర్శకురాలు కాబోతున్నదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ అమ్మాయి అప్పటికి ఒక్క సినిమాకూ సంగీతం చేయలేదు. ఆ మాటకొస్తే సంఘం కూడా అప్పటికి వీధిని ఏమీ అభివృద్ధి చేయలేదు గనుక, ఈ చిన్న లోటును సభ్యులెవరూ పట్టించుకోలేదు.

అమ్మాయికి బళ్ళో రాయించిన పేరు ఒకటి ఉంది గాని, వీధంతా 'ఇంటర్వెల్' అనే పిలుస్తుంది. ఆమె పుట్టిన కబురు తండ్రికి మ్యాట్నీ ఇంటర్వెల్లో అందింది. ఆయన "బెల్ కొట్టి వచ్చేస్తా" అని చెప్పి, మిగతా సగం సినిమా ఆడించి, జనాన్ని బయటికి పంపించి, ఆ తరువాత తాపీగా ఆసుపత్రికి వెళ్ళాడు. ఈ సంగతిని ఆయన భార్య ఇంకా క్షమించలేదు. ఆ ఇంట్లో తగువు ఉప్పు దగ్గర మొదలైనా, గొడుగు దగ్గర మొదలైనా, చివరికి వచ్చి ఆ మ్యాట్నీ దగ్గరే ఆగుతుంది.

ఆపరేటర్ గారి డ్యూటీ అలాంటిది మరి. కథ కంచికి చేరి, విడిపోయినవాళ్ళు కలుసుకుని, హీరో కళ్ళు తుడుచుకున్న మరుక్షణం ఆయన ఒక చేత్తో బొమ్మ ఆపి, రెండో చేత్తో లైట్లు వేసి, మోచేత్తో బెల్ నొక్కుతాడు. బెల్ వినగానే బయట గేటు మామయ్య తలుపుల గడియలు లాగుతాడు. టికెట్ లేనివాళ్ళు దూరకుండా మా హాల్లో గడియలు బయటివైపు ఉంటాయి. హాలు కట్టిన నాటినుంచీ ఇదే పద్ధతి. ఆ తరువాత కూడా తెరమీద ఏవో పేర్లు నడుస్తాయని మా ఊళ్ళో కొందరు చదువుకున్నవాళ్ళకు అనుమానం ఉండేది గాని, రుజువు దొరకలేదు.

ఇంటర్వెల్ చదువంతా గోడ దగ్గర సాగింది. హాలు యజమాని ఆ కుటుంబానికి ఇచ్చిన రెండు గదులు సరిగ్గా తెర వెనకగోడకు ఆనుకుని ఉంటాయి. ఆ గోడగుండా మాటలు గొణుగుడులా వస్తాయి, సంగీతం మాత్రం శుభ్రంగా వస్తుంది. అందుచేత ఆ పిల్ల సినిమాలు చూడకుండానే వింటూ పెరిగింది. "అమ్మా, వయొలిన్లు మొదలయ్యాయి, తండ్రి పాత్ర ఇంక ఎక్కువసేపు బతకదు" అని ముందే చెప్పేది. తల్లి వెంటనే పాప్‌కార్న్ మిషన్ వేయడానికి క్యాంటీన్‌కు పరిగెత్తేది, ఎందుకంటే తండ్రి పోయిన వెంటనే ఇంటర్వెల్ వస్తుంది. సంగీత కళాశాలల్లో ఫీజులుంటాయి. గోడకు ఆ దురలవాటు లేదు.

వాయిద్యం కూడా అలాగే సమకూరింది. బడివాళ్ళు పాత సామాన్ల గదిని ఖాళీ చేస్తూ పారేసిన కీబోర్డును ఆమె భుజాన వేసుకుని తెచ్చుకుంది. అందులో కొన్ని మెట్లు పలకవు. నొక్కితే, మొహమాటస్తుడిని చందా అడిగినట్టు, లోపలికి పోయి ఊరుకుంటాయి. ఆ మెట్లను తప్పించుకుంటూ, బురదలో పొడిచోట్లు చూసుకుని నడిచినట్టు, ఆమె బాణీలు కట్టడం నేర్చుకుంది. ఆ బాణీల్లో మధ్యమధ్య వచ్చే నిశ్శబ్దాలకు తాత్విక కారణాలున్నాయని తరువాత ఒక విమర్శకుడు కనిపెట్టాడు.

ఇంతటి ప్రతిభను ప్రోత్సహించకుండా వదిలేయడం సంఘానికి పరువు తక్కువ. సభ్యులు వంతులవారీగా ప్రతి సాయంత్రం ఆ రెండు గదుల్లోకి వచ్చి ప్రోత్సహించారు. వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి, వాళ్ళు అడిగిన పాత పాట వాయించి, అది అలా కాదని వాళ్ళు పాడి చూపిస్తే విని, గుమ్మందాకా సాగనంపేసరికి ఆమె సొంత బాణీకి మిగిలే సమయం పళ్ళు తోముకోవడానికి కూడా చాలదు. ప్రోత్సాహం ఇంకో నెల సాగితే ప్రతిభ పూర్తిగా నశించేదే. ఇంతలో సంఘంవాళ్ళు అభినందన సభ పెట్టుకుని, ఆ పనుల్లో పడి రావడం మానేశారు.

సభకు మైకులు, కుర్చీలు, రంగు దీపాలు అద్దెకు తెచ్చారు. సంగీత సభ కాబట్టి పక్క ఊరి ఆర్కెస్ట్రానుంచి నిగనిగలాడే కీబోర్డును, దాన్ని వాయించే మనిషినీ కూడా అద్దెకు తెచ్చారు. దాన్ని ముట్టుకోబోయిన ఇంటర్వెల్‌ను ఆ మనిషి మర్యాదగానే ఆపాడు. అధ్యక్షులవారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన ఇలా సెలవిచ్చారు:

"ఈ బాలిక ఎత్తు తక్కువే గావచ్చు, కానీ ప్రతిభ తూకంలో తక్కువ కాదు! కళాకారులను బతికుండగా గౌరవించే సంస్కారం మన వీధికి ఉంది. రేపు ఈమె సంగీతం మోగిన రోజున మనమంతా నిశ్శబ్దంగా, ఆఖరి స్వరందాకా, కదలకుండా కూర్చుని వింటామని ఈ సభాముఖంగా ప్రమాణం చేద్దాం!"

అందరూ ప్రమాణం చేశారు. ప్రమాణం మధ్యలో భోజనాలు సిద్ధమన్న కబురు రావడంతో ఆఖరి వాక్యం నిలబడి, నడుస్తూ పూర్తిచేశారు. సభ నిధులు అద్దెలకే సరిపోయినందున అమ్మాయి కీబోర్డు రిపేరు సంగతి వచ్చే ఏటికి వాయిదా పడింది.

తండ్రి మాత్రం ఈ హడావుడికి కరగలేదు. ఆలూ లేదు చూలూ లేదు, అభినందన సభ దేనికని ఆయన సందేహం. పైగా హాలు యజమాని టికెట్ల కౌంటర్లో అమ్మాయికి ఉద్యోగం ఇస్తానని చెప్పి ఉన్నాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు," అన్నాడాయన. "ఎవరెవరి పేర్లో ఆడించానమ్మా నేను ఆ తెరమీద. మన తెరమీద నీ పేరు పడనీ, ఆ రోజు నమ్ముతా. ఈ ఏడాదిలోగా పడకపోతే మారుమాట్లాడకుండా కౌంటర్లో కూర్చోవాలి. సరేనా?"

"సరే నాన్నా. మాట మార్చకూడదు మరి."

"నేను మాట మార్చడం ఎప్పుడైనా చూశావా?"

"మార్చడు తల్లీ," అంది వంటింట్లోంచి అమ్మ. "బెల్ కొట్టి వస్తానన్నాడు, బెల్ కొట్టే వచ్చాడు."

అదృష్టం కరెంటు పోయిన రూపంలో వచ్చింది. ఒక కొత్త సినిమా బృందం మా హాలుకు విజయయాత్రగా విచ్చేసింది. సినిమా ఆ ఉదయమే విడుదలైంది గనుక విజయానికి అడ్డేమీ లేదు. హీరో మైకు అందుకోగానే కరెంటు పోయింది. చీకట్లో జనం అరుపులు, తోపులాటలు. అప్పుడు తెర వెనకనుంచి బ్యాటరీ కీబోర్డు మీద ఒక బాణీ మొదలైంది. నెమ్మదిగా, అక్కడక్కడా ఆగుతూ, ఎవరో చేయి పట్టుకుని మెట్లు దింపుతున్నట్టు సాగింది. జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బృందంతో వచ్చిన సంగీత దర్శకుడు కళ్ళు మూసుకుని విని, "చాలా బాగుందే! ఇది నాదే కదా?" అన్నాడు. ఆ వృత్తిలో అంతకుమించిన మెచ్చుకోలు లేదు.

ఆయన ఆమెను మర్నాడే పనిలోకి తీసుకున్నాడు. జీతం సంగతి తల్లి అడగబోతే, "అవకాశమేనమ్మా జీతం" అని కళ్ళు తెరిపించాడు. ఇంటర్వెల్ ఆయన స్టూడియోలో వైర్లు చుట్టింది, టీలు అందించింది, ఆయన ఈలవేసి పడుకుంటే ఆ ఈలను పాటగా మార్చింది. లేచాక విని ఆయన, "నిద్రలో కూడా నా మెదడు పనిచేస్తూనే ఉంటుంది" అని ఆశ్చర్యపోయేవాడు. నెలలు గడిచాయి. తండ్రి పెట్టిన గడువు దగ్గరపడింది. ఒకరోజు సంగీత దర్శకుడు గడియారం చూసుకుంటూ, "ఎండ్ టైటిల్స్‌కు సంగీతం నువ్వు చేసెయ్, నీ పేరూ అక్కడే వేయిస్తా. అక్కడ ఏం వాయించినా పరవాలేదు" అన్నాడు.

ఎండ్ టైటిల్స్ అంటే ఏమిటో ఆ పిల్లకు నిజంగా తెలియదు. తన గోడగుండా అవి ఎన్నడూ రాలేదు. తెలుసుకున్నాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సినిమా మొత్తంమీద ఆఖరి మాట తనది! గురువు ఎంత పెద్ద మనసుతో అప్పగించాడో అనుకుంది. చీకట్లో వాయించిన బాణీనే తీసుకుని, ఈసారి అన్ని మెట్లూ పలికే వాయిద్యం దొరికినా, ఆ నిశ్శబ్దాలను అలాగే ఉంచి కట్టింది. ప్రాణం పెట్టి కట్టింది.

ఆ సినిమా మా హాలుకు వచ్చింది. మ్యాట్నీకి సంఘమంతా ముందు వరుసల్లో కూర్చుంది. ఆపరేటర్ గారు క్యాబిన్‌లో ఉతికిన చొక్కా వేసుకుని, జీవితంలో మొదటిసారి ప్రారంభంలో పడే పేర్లు ఒక్కటీ వదలకుండా చదివాడు. కూతురి పేరు లేదు. ఆయన ముఖం వాడిపోయింది. తరువాత కథ నడిచింది, విడిపోయినవాళ్ళు కలిశారు, హీరో కళ్ళు తుడుచుకున్నాడు. ఆపరేటర్ గారి చేతులు ఆయన అనుమతి కోరకుండానే వాటి పని అవి చేసేశాయి. బొమ్మ ఆగింది, లైట్లు వెలిగాయి, బెల్ మోగింది.

ఇంటర్వెల్ క్యాబిన్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది.

"నీ పేరు పడలేదమ్మా," అన్నాడు తండ్రి, తలెత్తకుండా. "చివరిదాకా చూశాను."

"చివరిదాకా ఎక్కడ చూశావు నాన్నా? నువ్వే ఆపేశావు!"

"సినిమా అయిపోయిందిగా?"

"అయిపోలేదు."

"నువ్వు పుట్టకముందునుంచీ ఆడిస్తున్నా. అయిపోయిందో లేదో నాకు తెలీదా?"

"తెలీదు నాన్నా. నీకు తెలీదు, నాకూ తెలీదు. నా పేరు, నా సంగీతం, అన్నీ అక్కడే ఉన్నాయి. నువ్వు మోచెయ్యి పెట్టావే, అక్కడ."

పాప్‌కార్న్ గరిటెతోనే పైకి వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఈ మనిషి నువ్వు పుట్టిన రోజూ ఇంతే చేశాడు" అంది. ఆయన తన మోచేతిని తానే పరాయివాడిదాన్ని చూసినట్టు చూసుకున్నాడు. పాపం, ఆ మనిషికి ఆ క్షణాన కలిగిన సిగ్గు పగవాడికి కూడా వద్దు.

ఫస్ట్ షోకు సంఘాన్ని ఆయనే స్వయంగా మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాడు. తల్లి క్యాంటీన్ వదిలి రాలేదు గనుక ఆమెకు వినిపించడానికి ఇంటర్వెల్ ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని తలుపు పక్కన నిలబడింది. హీరో కళ్ళు తుడుచుకున్నాడు. ఆపరేటర్ గారు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని బిగబట్టుకున్నాడు. తెర నల్లబడింది, బాణీ మొదలైంది, పేర్లు పైకి నడిచాయి. లైట్లు లేవు, బెల్ లేదు, గడియలు తెరుచుకోలేదు.

జనం అలవాటు ప్రకారం అప్పటికే లేచి తలుపుల దగ్గర ఉన్నారు. మొదట ఒకరిద్దరు చేత్తో తట్టారు. తరువాత అందరూ కలిసి బాదారు. స్కూటర్లు ఇరుక్కుపోతాయని ఒకరు, పొయ్యిమీద పాలు ఉన్నాయని ఇంకొకరు. అధ్యక్షులవారు అందరికంటే ముందు నిలిచి గొడుగు పిడితో తలుపును కొడుతూ చీకట్లోనే ప్రసంగించారు: "స్వేచ్ఛా పౌరులను నిర్బంధించి పేర్లు చదివించడమా! ఇది ఏ కొలత ప్రకారం న్యాయం? తెరవండి!" తెరమీద వంటవాళ్ళు వెళ్ళారు, డ్రైవర్లు వెళ్ళారు, వాళ్ళ వెనకే 'ఎండ్ టైటిల్స్ సంగీతం' అని వచ్చి, పక్కన బళ్ళో రాయించిన ఆ పూర్తి పేరు నిలబడింది. హాలు మొత్తంలో తెరవైపు ముఖం ఉన్నవాళ్ళు ఇద్దరే. పైన క్యాబిన్‌లో ఆ తండ్రి కూతురి పేరును పెదవులు కదుపుతూ చదువుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాణీ పూర్తిగా అయ్యాకే బెల్ కొట్టాడు. మర్నాడు వెళ్ళి, మా అమ్మాయి కౌంటర్లో కూర్చోదని యజమానికి చెప్పి వచ్చాడు.

దీనిపై విచారణ జరిగింది. ఇకమీదట ప్రేక్షకులందరూ సురక్షితంగా వెళ్ళిపోయిన తరువాత, ఖాళీ హాలులో, ఆసక్తి గలవారి కోసం ఎండ్ టైటిల్స్ ప్రదర్శించవచ్చునని ఉభయులకూ ఆమోదయోగ్యంగా తీర్పు వచ్చింది.

ఇంటర్వెల్ ఫోన్లో రికార్డయిన దాంట్లో బాణీ ఎక్కడో సన్నగా వినపడుతోంది. మిగతాదంతా తలుపుల మోత. మధ్యలో గొడుగు పిడి దెబ్బ మాత్రం తప్పకుండా తాళంలో పడుతోంది. ఆమె దాన్ని శుభ్రం చేసి, కోసి, కలిపి, గురువుగారికి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విని, "అబ్బ, ఏం దరువు! ఇది నాదే కదా?" అన్నాడు. "కాదండీ," అంది ఇంటర్వెల్ మొదటిసారి. "వాళ్ళ పేరు వేయాలి."

ఆ పాట మీకు తెలియనిది కాదు. ఈ ఏడాది మీరు ఎగిరింది దానికే. మీ ఫోన్ మోగేది దానితోనే. సంఘం వార్షికోత్సవంలో అధ్యక్షులవారు నడుం మీద చెయ్యి వేసుకుని రెండడుగులు వేసిందీ దానికే. అంత గొప్పగా వాయించినవాళ్ళెవరో అని మీరంతా ఆరా తీస్తున్నారని విన్నాను. ఆ పాట ఉన్న కొత్త సినిమా చివర్లో స్పష్టంగా వేశారు: 'తలుపు వాద్యం: మా ఊరి ప్రేక్షకులు'. కింద ఒక్కొక్కరి పేరూ వరసగా ఉంది. మీదీ ఉంది. నిలబడి చదువుకునేవారే గాని, అప్పటికి మీరు స్కూటర్ దగ్గరికి వెళ్ళిపోయారు.