తొక్కరాని పెడలు

మహర్నవమి నాటి ఉదయం బందరులో చలపతిరావుగారు వేసుకున్న కార్యక్రమం నిరాడంబరమైనది: కాఫీ సేవించుట, స్నానమాచరించుట, కాసేపు గిటారు సాధన చేయుట, సాయంత్రానికల్లా మృదంగ విద్వాంసుడు శోభనాద్రిని సంగీత ప్రపంచం నుంచి శాశ్వతంగా తప్పించుట. వీటిలో మొదటి రెండూ నిర్విఘ్నంగా జరిగాయి.

చలపతిరావుగారు వృత్తిచేత ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. ప్రవృత్తిచేత గిటారు విద్వాంసుడు. ఎన్నికల బెడద లేకుండా ఏళ్ళ తరబడి పట్టణ సంగీత సమితికి అధ్యక్షుడు. ఈ మూడింటిలో ఆయన ప్రాణం మూడోదాంట్లో ఉండేది. సమితికి సొంత భవనం లేదు, నిధులు లేవు, సభ్యులు కూడా అంతంతమాత్రమే. కాని అధ్యక్షుడికి గిర్రున తిరిగే కుర్చీ ఒకటి ఉంది. ఆ కుర్చీలో ఆసీనులై ఆయన ప్రతి సమావేశంలోనూ "కళ అనేది మహాసముద్రం వంటిది" అని మొదలయ్యే ఉపన్యాసాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఇచ్చేవారు. మంగినపూడిలో సముద్రమైనా ఒక్కొక్క రోజు ఒక్కొక్క తీరుగా ఉంటుంది గాని, ఆ ఉపన్యాసం మారి ఎరగదు.

శోభనాద్రి ఆయనకు స్వయానా బావమరిది, సమితికి ఉపాధ్యక్షుడు, ప్రతి కచేరీలోనూ ఆయనకు పక్కవాద్యం. వైరం గుడివాడ కచేరీలో పుట్టింది. మధ్యలో మృదంగానికి విడిగా ఇచ్చే అవకాశాన్ని శోభనాద్రి ఆనాడు ఎంతగా సద్వినియోగం చేసుకున్నాడంటే, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు; ఎవరో పరుగున వెళ్ళి శాలువా తెచ్చి కప్పారు. అంతసేపూ చలపతిరావుగారు ఒళ్ళో గిటారుతో, బస్సు తప్పిపోయిన ప్రయాణికుడు సూట్‌కేసు పట్టుకున్నట్టు కూర్చుండిపోయారు. తిరుగు ప్రయాణంలో ఆ శాలువా కారు కిటికీ గాలికి రెపరెపలాడుతూ దారిపొడుగునా ఆయన ముఖానికే తగిలింది.

తరువాతి సమావేశంలో ఆయన లేచి నిలబడ్డారు. "దసరా కచేరీ నేనొక్కణ్ణే చేస్తాను. పక్కవాద్యం అక్కర్లేదు. వేదికమీద నాకు ఇంకొకరి చెయ్యి సాయం పడిందా, ఆ క్షణమే ఈ కుర్చీ శోభనాద్రికి ఇచ్చేస్తా!"

"ఇచ్చేముందు కాస్త నూనె వేయించండి బావగారూ, కిర్రుమంటోంది," అన్నాడు శోభనాద్రి.

భీషణ ప్రతిజ్ఞకు తగిన అస్త్రం బెజవాడలోని ఒక వాద్యాల దుకాణంలో దొరికింది. దానిని లూపరు పెడలు అంటారు. మనం వాయించిన ముక్కను పట్టి ఉంచుకుని, ఆపమనేవరకు అదే ముక్కను తిరిగి తిరిగి వినిపించే చిన్న ఇనుప పెట్టె అది. ఆ ముక్కమీద మనం మరో వరుస వాయించుకోవచ్చు. అనగా ఒక మనిషి తనకు తానే పక్కవాద్యం కాగలడు. ఆ పక్కవాద్యం శాలువా కప్పుకోదు.

దుకాణంలోని యువకుడు ముందుగా పెద్దదొకటి చూపించాడు. "ఇది తీసుకోండి అంకుల్. దేని స్విచ్చి దానికే. రికార్డుకి ఒకటి, ఆపడానికి ఒకటి, చెరపడానికి ఒకటి."

"అన్నెందుకోయ్? ఒక్క స్విచ్చి ఉన్నది లేదా?"

"ఉందండీ. కాకపోతే కొత్తవాళ్ళకి ఆపేది విడిగా ఉంటేనే తేలికండీ."

"కొత్తవాళ్ళకి! బాబూ, నేను ఆఫీసు మొత్తాన్ని ఒక్క సంతకంతో నడిపిస్తున్నాను. నాకు ఒక్కటి చాలు."

ఒక్క స్విచ్చికి ఒక్క పనే ఉంటుందని ఆయన భావించారు. గుమాస్తా ఒక్కడే ఉన్న సెక్షన్‌లో పనులన్నీ అతని నెత్తినే పడతాయన్న అనుభవసత్యం ఆ సమయానికి స్ఫురించలేదు. ఒకసారి తొక్కితే రికార్డు. మళ్ళీ తొక్కితే అది తిరగడం మొదలు. ఇంకోసారి తొక్కితే పైన మరో పొర. టకటకా రెండుసార్లు తొక్కితే ఆగిపోవడం. ఇవన్నీ ఆ ఒంటరి బొడిపె మీదే.

ఇంట్లో నిజం చెప్పే వీలు లేదు. శ్రీమతి బాలాత్రిపురసుందరికి శోభనాద్రి తోడబుట్టిన అన్నయ్య. అన్నయ్యను తొలగించే యంత్రమని తెలిస్తే పొయ్యి వెలగదు. కనుక అది వోల్టేజీ స్టెబిలైజరుగా గృహప్రవేశం చేసింది. ప్రతిజ్ఞ సంగతిని బావా బావమరుదులిద్దరూ ఆవిడ దగ్గర దాచారు. ఇద్దరూ పండగనాడు ఆవిడ చేతి గారెలు తినవలసినవారే.

నవమి ఉదయం ఆవిడ పిండి చేతులతో వసారాలోకి తొంగిచూసేసరికి, భర్త గిటారు మీదనుంచి రెండు చేతులూ తీసేసి మీసం దువ్వుకుంటున్నారు. మోహన రాగం మాత్రం నిరాటంకంగా సాగుతున్నది.

"ఏమండీ, స్టెబిలైజరు పాడుతోందేంటి?"

చలపతిరావుగారు ఉలిక్కిపడ్డారు. "అదా... అది కూడా ఒకరకం వాద్యమేలే."

"వాద్యమా? మరి దానిమీద కాలేశారేంటి!"

"తొక్కితేనే పలుకుతుందే. కుట్టుమిషను తొక్కట్లా నువ్వు?"

"మా కుట్టుమిషను రాగాలు తియ్యదు. సరస్వతమ్మండీ అది! ఆయుధపూజ పూటా అమ్మవారిని తొక్కుతారా? పొద్దున్నే మీ స్కూటరుకి బొట్టు పెట్టాను, కత్తిపీటకి పెట్టాను, ఆఖరికి మీ ఆఫీసు రబ్బరుస్టాంపుక్కూడా పెట్టాను. ఇదేం పాపం చేసింది? ఇలా ఇవ్వండి."

స్టెబిలైజరని బొంకినప్పుడు అది తొక్కదగినదే. వాద్యమని ఒప్పుకున్న క్షణం నుంచి తొక్కరానిదైంది. సత్యం పలికినందుకు ఆయనకు వెంటనే దక్కిన ఫలం అది.

ఆవిడ పెడలును దేవుడి గూట్లో కూర్చోబెట్టి పసుపు రాసింది, కుంకుమ దిద్దింది, చిక్కగా తీసిన గంధాన్ని ఉదారంగా అలదింది. స్విచ్చి చుట్టూ ఉన్న సన్నని సందులోకి గంధం హాయిగా దిగి స్థిరపడింది. "ఇహ రేపు దశమికి ఉద్వాసన చెప్పి అమ్మవారిని సాగనంపేదాకా కదపకూడదు. మీకు సాయంత్రానికి గిటారుంటే చాలుగా. ఎటూ పక్కన అన్నయ్య ఉంటాడు."

ఆయన ఉంటాడన్నారు.

సాయంకాలం ఆవిడ వంటింట్లో గారెలు వేస్తుండగా చలపతిరావుగారు పిల్లిలా దేవుడి గూటిని సమీపించి, పెడలును సంచీలో వేసుకుని, ఖాళీ పడిన ఆసనంమీద తన టిఫిను డబ్బాను ప్రతిష్ఠించి, పైన బంతిపూలు కప్పి, ఆటో ఎక్కారు.

వేదిక వెనుక ఆయన తడిగుడ్డతో గంధం తుడవబోతుండగా సమితి మహిళా విభాగం కార్యదర్శి శ్రీవల్లి చూసింది.

"అయ్యో బాబాయిగారూ! నవమి పూటా బొట్టు చెరుపుతున్నారా?"

"చెరపట్లేదమ్మా... సర్దుతున్నా."

"అంటే, పూజలో పెట్టిన వాద్యాన్ని అలాగే తెచ్చారా? ఎంత భక్తండీ! ఉండండి, మీరేం ముట్టుకోకండి."

శ్రీవల్లి భక్తి కార్యశూరత్వంతో కూడినది. క్షణాల్లో మైకులో ప్రకటన వెలువడింది: అధ్యక్షులవారు నేడు సాక్షాత్తు పూజలో నెలకొన్న వాద్యాన్ని మన దర్శనార్థం తెచ్చారు. వేదిక ముందుభాగాన పీట వేసి, ముగ్గు పెట్టి, పెడలును దానిమీద ఉంచి, దీపం వెలిగించారు. అమ్మవారి ఎదుట కుర్చీ ఏమిటని ఆయనకు వేసిన కుర్చీ తీయించి జంపఖానా పరిపించారు. మొదటి వరుసలోని ముత్తైదువులు చేతులు జోడించారు. ఆ వరుస చివర, మృదంగం లేకుండా, చేతులు కట్టుకుని శోభనాద్రి కూర్చున్నాడు.

చలపతిరావుగారు బాసింపట్టు వేసుకుని గిటారు ఎత్తుకున్నారు. కుడికాలి బొటనవేలిని పంచె అంచులోంచి పీటవైపు కాస్త పంపి చూశారు. మొదటి వరుస మొత్తం "హవ్వ!" అన్నది. బొటనవేలు తాబేలు తలవలె లోపలికి వెళ్ళిపోయింది. తన చేతులు రెండూ గిటారుకు కావాలి. ఇంకొకరి చెయ్యి పడితే కుర్చీ పోతుంది. శరీరంలోని మిగిలిన అవయవాలను ఆయన మనసులోనే సమీక్షించగా, అటు పదవికి గాని ఇటు పాటకు గాని ఇంతవరకు పెద్దగా వినియోగపడనిది ఒకటి కనిపించింది. తల.

ఆయన వంగి, నుదుటితో స్విచ్చి నొక్కారు. ఎర్ర దీపం వెలిగింది. నిటారుగా కూర్చుని మోహనంలో ఒక వరుస వాయించి, మళ్ళీ వంగి నొక్కారు. వరుస తిరగడం మొదలైంది. వంగినప్పుడు గిటారు పొట్టకూ పీటకూ నడుమ నలిగి "ధబ్" మన్నమాట నిజమే. ఆ ధబ్ కూడా రికార్డయి ప్రతి ఆవర్తం చివరా వినిపిస్తున్నమాటా నిజమే. కాని సభలో దాన్ని ఎవరు పట్టించుకున్నారు?

"చూశావుటోయ్, స్వరస్వరానికీ సాష్టాంగపడుతున్నాడు!" అన్నాడొక పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ. "వాయింపుదేముంది, ఎవరైనా వాయిస్తారు. ఆ వినయం ఎక్కణ్ణించి వస్తుంది?"

ప్రశంస చలపతిరావుగారి చెవిన పడింది. మరింత వినయంగా వంగి ఇంకొక పొర వేశారు. శోభనాద్రి ముఖంలో మొదటిసారిగా దిగులు కనిపించింది. ఇక మిగిలింది ఘనంగా ముగించడం. టకటకా రెండుసార్లు నొక్కితే చాలు.

టకటకా కొట్టారు. కాని అప్పటికి గంధం ఆరి గట్టిపడింది. దిగిన స్విచ్చి, పై అధికారి దగ్గరికి వెళ్ళిన ఫైలులాగా, తీరిక చూసుకుని పైకి వచ్చింది. రెండు దెబ్బలూ ఒకటిగా లెక్కపడ్డాయి. ఆపమన్న ఆజ్ఞను పెడలు మరో పొర వేయమన్న ఆజ్ఞగా స్వీకరించి, కొత్త ధబ్‌ను పాత ధబ్ సరసన చేర్చుకుంది. ఆయన మళ్ళీ కొట్టారు. మరొకటి చేరింది. ఇంకా గట్టిగా కొట్టారు. మోహన రాగం క్రమంగా అంతరించి, హాలంతా ధబధబధబ్ అని రోకటిపోటులాంటి ధ్వని ఆవరించింది. నుదుట బొప్పి కట్టింది; దానిమీద అమ్మవారి కుంకుమ అంటుకుంది.

"పూనకం వచ్చిందర్రా!" అని ఎవరో కేక వేశారు. అంతే. జనం లేచారు. ధబ్‌ధబ్‌కు తగ్గట్టు చప్పట్లు కొట్టారు. ఒకాయన టెంకాయ కొట్టాడు. చలపతిరావుగారు స్పీకరుకు వెళ్ళే వైరు లాగేద్దామని చెయ్యి చాపితే దానికింద హారతి పళ్ళెం వచ్చింది, కళ్ళకద్దుకోక తప్పలేదు. మళ్ళీ చాపితే తీర్థం పోశారు.

శోభనాద్రి వేదిక అంచుదాకా వచ్చి వంగాడు. "చెయ్యి సాయం కావాలా బావగారూ?"

"అక్కర్లేదు!" ధబ్.

"పోన్లెండి. కుర్చీకి నూనె నేనే వేయించుకుంటాను."

"నా కంఠంలో ప్రాణం ఉండగా..." ధబ్. ధబ్.

ఈ లోగా ఇంట్లో బాలాత్రిపురసుందరి దేవుడి గూటి ముందు అష్టోత్తరం పూర్తిచేసి, హారతి ఇచ్చి, గారెలు నైవేద్యం పెట్టబోతూ బంతిపూలు పక్కకు జరిపింది. టిఫిను డబ్బా దర్శనమిచ్చింది. నిన్నటి వంకాయకూర వాసనతో సహా.

ఆవిడ హాలులోకి వచ్చేసరికి చేతిలో అక్షతల గిన్నె ఉంది. ముఖం చూసి జనం దారి ఇచ్చారు. వేదిక ఎక్కి, భర్తను గాని అన్నయ్యను గాని చూడకుండా, పెడలుమీద అక్షతలు చల్లి, ఉద్వాసన మంత్రం చదివి, పీటను కాస్త ఉత్తరానికి జరిపి, వైరు పీకేసింది.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆవిడ భర్తతో మెల్లగా అన్న మాటలు, పాపం, ఎదుటనున్న మైకు మూలంగా హాలంతటికీ వినిపించాయి.

"దీనికా ఇంత రాద్ధాంతం? కచేరీకి ఇదే కావాలని పొద్దున ఒక్కముక్క చెప్పుంటే అప్పుడే ఉద్వాసన చెప్పేసేదాన్నిగా. అమ్మవారు వెళ్ళాక అది ఉత్త పెట్టె. కాలితో తొక్కుకుంటారో, తల బాదుకుంటారో మీ ఇష్టం. నాచేత వంకాయకూర డబ్బాకి హారతి ఇప్పించారు గదండీ!"

దసరా వెళ్ళిన తరువాత సమితి సమావేశమైంది. చలపతిరావుగారు నుదుట కట్టుతో కుర్చీలో ఉన్నారు. శోభనాద్రి నిలబడి ఉన్నాడు.

"ఇంకొకరి చెయ్యి పడింది. ఊరంతా చూసింది. దిగండి బావగారూ."

"భార్య ఇంకొకరెలా అవుతుందయ్యా? అర్ధాంగి! అది నా చెయ్యే."

"సగమే మీది. మిగతా సగం మా ఇంటి ఆడపడుచు. అంటే మా చెయ్యే పడింది."

ఒక చేతిని ఇద్దరు పంచుకోవడం ఎలాగో కార్యవర్గానికి పాలుపోలేదు. ధర్మశాస్త్రం ఒకరికీ, సమితి నిబంధనలు ఒకరికీ కలిసి వచ్చాయి. చివరకు శ్రీవల్లి లేచింది.

"బాబాయిగారూ, మావయ్యగారూ, కోప్పడకండి. ఊళ్ళో జనం మీ ఇద్దరి గురించీ అడగట్లేదు. ఆ పెడలు మళ్ళీ ఎప్పుడు దర్శనమిస్తుందని అడుగుతున్నారు."

శత్రువుకు దక్కడంకంటె ఎవరికీ దక్కకపోవడం మేలన్న ఉదాత్త భావన ఇద్దరు విద్వాంసుల్లోనూ ఏకకాలంలో ఉదయించింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కుర్చీకి నూనె వేయించి, పట్టుగుడ్డ పరిచి, పెడలును సమితి శాశ్వతాధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టారు. చలపతిరావుగారికి దానిని మోసుకువచ్చే బాధ్యత, శోభనాద్రికి దానికి శాలువా కప్పే బాధ్యత దఖలుపడ్డాయి.

ఒకే ముక్కను తిరిగి తిరిగి వినిపించేదాన్ని అధ్యక్షుణ్ణి చేయడమేమిటని కొత్త సభ్యులు ఒకరిద్దరు సందేహించారు గాని, పాతవారికి తేడా ఏమీ తెలియలేదు.